తిరుగుదారి రాళ్ళు

ఇంగ్రిడ్ తన తరఫున ఒక్క మాట కూడా చెప్పుకోలేదు. నెరిడాకి మింగుడుపడనిది అదే.

స్కౌట్ల హాల్లో బల్ల చుట్టూ నడక క్లబ్బు కమిటీ కూర్చుని ఉంది, విన్సమ్ తప్ప. విన్సమ్ ఇంట్లో దుప్పట్లు కప్పుకుని దగ్గుతోంది. కిందటి వారం ఇంగ్రిడ్ వెనకాల పీఠభూమి మీదికి వెళ్ళినవాళ్ళు పొగమంచులో దారి తప్పి, తడినాచు మీద రాత్రంతా ఒకరికొకరు అతుక్కుని కూర్చున్నారు. తెల్లారేసరికి విన్సమ్‌కి చలికి మాట ముద్దముద్దగా వస్తోంది. హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్ళింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే అని ఆస్పత్రిలో డాక్టరు మాట మొదలుపెట్టి, విన్సమ్ చెల్లెలి మొహం చూసి మధ్యలోనే ఆపేశాడు.

"నాకు ఇంగ్రిడ్ మీద కోపమేం లేదు," అన్నాడు క్లైవ్. కోపం ఉన్నప్పుడల్లా అతను అలాగే మొదలుపెడతాడు. పొలాలకి ఇన్సూరెన్స్ అమ్ముకునే మనిషి. "కానీ దారి తెలీని మనిషి వెనకాల రేపు నా పెళ్ళాన్ని పంపిస్తానా? పంపను. నడకలు నడిపించేవాళ్ళ జాబితాలోంచి ఆమె పేరు తీసేద్దాం. దాంతో సరి."

"నువ్వేమంటావు డెస్?" అని అడిగింది నెరిడా.

డెస్ పైబస్ హైస్కూల్లో భూగోళం చెప్పి రిటైరైనవాడు. ఈ జిల్లా కొండల్లో అతను తిరగని మూల లేదు. టీ కప్పుని రెండు చేతులతో పట్టుకుని అందులోకి చూస్తూ, "ఆ చోటుకి జనాన్ని వేసుకుని వెళ్ళొద్దని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. ఎవరు విన్నారు?" అన్నాడు.

ఆ చోటుకి క్లబ్బులో ఒక పేరంటూ లేదు. సరస్సులు దాటాక ఎక్కడో, నేల కుంగినచోట, పెన్సిల్ పైన్ అనే అరుదైన కొండచెట్ల గుంపు ఒకటుంది. అది డెస్ కనుక్కున్నది. తనంతట తాను ఎవరికీ చూపించలేదు, ఒక్క ఇంగ్రిడ్‌కి తప్ప. పశువుల ఆస్పత్రిలో పనిచేసే ఈ అమ్మాయి క్లబ్బుకి సెక్రటరీ అయ్యాక, మెంబర్లు ముసలివాళ్ళయిపోతున్నారు, కొత్తవాళ్ళు రావాలంటే ఏదైనా చూపించాలి కదా అని ఆ చెట్లని నడకల్లో చేర్చింది. అప్పట్నుంచి ఇద్దరికీ పడటం లేదు. మీటింగుల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ప్రెసిడెంటు నెరిడా మొహం చూస్తూ ఒకరినొకరు దెప్పుకుంటారు.

నెరిడా ఇంగ్రిడ్ వైపు తిరిగింది. "నువ్వేం చెప్పవా?"

"చెప్పడానికేముంది? నడిపించింది నేనే. దారి తప్పింది నేనే." ఆ అమ్మాయి కిటికీలోంచి బయట పార్కింగులోకి చూస్తోంది.

నెరిడా బడిబస్సు నడుపుతుంది. వెనక సీట్లలో ఏదైనా గొడవ జరిగితే అద్దంలో పిల్లల మొహాలు చూస్తుంది. చేసినవాడు ఎక్కువ మాట్లాడతాడు. చెయ్యనివాడు ఏడుస్తాడు. నోరు మూసుకుని కిటికీలోంచి చూసే పిల్లకి మాత్రం, జరిగింది మొత్తం తెలిసి ఉంటుంది.

"నేను కళ్ళారా చూడకుండా ఓటుకి చెయ్యెత్తను," అంది. "డెస్, ఇంగ్రిడ్, ఈ శనివారం మీరిద్దరూ నన్నక్కడికి తీసుకెళ్ళండి. వచ్చే గురువారం తేల్చేద్దాం."

"చూడ్డానికేముంది నెరిడా, చెట్లేగా," అన్నాడు క్లైవ్.

డెస్ కప్పు దించాడు. రానంటాడనుకుంది నెరిడా. "పిక్కలకి గేటర్లు తొడుక్కో. జలగలుంటాయి," అన్నాడు.

శనివారం పొద్దున్న లోయలో మంచు కురిసి కంచె తీగలన్నీ తెల్లగా ఉన్నాయి. యూకలిప్టస్ అడవిలోంచి నిటారుగా ఎక్కడం మొదలుపెట్టారు. ముందు డెస్, వెనకాల ఇంగ్రిడ్, మధ్యలో నెరిడా. ఇద్దరూ తనతోనే మాట్లాడుతున్నారు. ఎడమపక్క రాయి జారుతుందని డెస్ నెరిడాకి చెబితే, చూశానని ఇంగ్రిడ్ నెరిడాకి చెబుతోంది. నిండు కుండలు రెండు మోస్తున్నట్టుంది ఆమెకి. ఇటు తొణక్కూడదు, అటు తొణక్కూడదు.

కొండ అంచు ఎక్కాక ఆ చికాకంతా ఎటుపోయిందో పోయింది. చెట్లు ఒక్కసారిగా అయిపోయాయి. ముందు ఆకాశం తప్ప మరేమీ లేనట్టనిపించింది. తర్వాత నేల కనిపించింది. రాళ్ళూ నీళ్ళూ, మళ్ళీ రాళ్ళూ నీళ్ళూ. ఎవరో పెద్ద అద్దాన్ని బండమీద వేసి పగలగొట్టి ముక్కలన్నీ అలాగే వదిలేసినట్టు, కంటికి ఆనినంత మేర చిన్నచిన్న సరస్సులు. గాలి కొట్టినప్పుడు అన్నీ కలిసి నల్లబడుతున్నాయి, గాలి ఆగితే అన్నీ కలిసి వెలుగుతున్నాయి. అక్కడ ఏప్రిల్ అంటే చలికాలం ముందు నెల కావడంతో గట్ల మీద బీచ్‌చెట్టు జాతి పొదలు ఆకు రాల్చే ముందు బంగారం రంగుకి తిరిగాయి. ఎక్కడో కర్రవాంగ్ పిట్ట ఒకటి అరిచింది. ఆ అరుపు తగిలి తిరిగి రావడానికి ఏమీ లేక అలాగే పోయింది.

నెరిడా ఇక్కడికి ఇదివరకు వచ్చింది. అయినా ప్రతిసారీ కాళ్ళు కాస్త ఆగుతాయి.

మొదటి సరస్సు ఒడ్డున చచ్చిన చెట్లున్నాయి. బెరడంతా ఊడి, ఎముకల్లా తెల్లబడి, కొమ్మలు పైకెత్తి నిలబడి ఉన్నాయి. నెరిడా చిన్నప్పట్నుంచీ అవి అలాగే ఉన్నాయి. డెస్ ఒకదాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఇవీ ఆ జాతి చెట్లే," అన్నాడు. "నాకు పదేళ్ళప్పుడు తగలబడ్డాయి. ఎవరో టీ కాచుకుని నిప్పు ఆర్పకుండా పోయారు. మళ్ళీ ఒక్క మొక్క మొలవలేదు చూడు. నిప్పు తగిలితే ఇంక రావు. వాటి జాతి అంతే."

"మా వాళ్ళు ఎవరూ నిప్పు రాజెయ్యరు. గ్యాసు పొయ్యిలే," అంది ఇంగ్రిడ్, నెరిడాతో.

"మీవాళ్ళు రాజెయ్యరు. మీవాళ్ళు పెట్టిన ఫోటో చూసి వచ్చేవాళ్ళు?" అన్నాడు డెస్, నెరిడాతోనే.

అక్కణ్ణుంచి దారి అంటూ ఏమీ లేదు. ఎప్పుడో ఈ గట్ల మీదుగా పోయిన పాతకాలపు నడకవాళ్ళు అక్కడక్కడా రాయి మీద రాయి పేర్చి పెట్టిన గుర్తులు ఉండాలి. మోకాలెత్తు కుప్పలు, ఒకదాని దగ్గర నిలబడితే ఇంకోటి కనబడేట్టు పెట్టినవి. ఇంగ్రిడ్ వాటిని నమ్ముకునే బయల్దేరిందని నెరిడాకి తెలుసు. డెస్ తలెత్తి వాటికోసం వెతకడం లేదు. తన ఇంటి వసారాలో నడిచినట్టు నడిచిపోతున్నాడు. మెత్తల్లాంటి పచ్చటి మొక్కలు అడ్డొచ్చినచోట మాత్రం, వాటిని తొక్కకుండా ఆ వయసులో కూడా రాయి మీంచి రాయి మీదికి దాటుతున్నాడు.

గుర్తురాళ్ళు ఒక్కటీ కనబడలేదు. నెరిడాకి ముందు కనబడింది ఒక మచ్చ.

ఆ రాళ్ళన్నిటి మీదా రాతిపువ్వు పట్టి ఉంది, బూడిదరంగుదీ, ఎర్రమట్టి రంగుదీ, ఏళ్ళ తరబడి ఒత్తుగా పరుచుకున్నది. ఒక బండ మీద మాత్రం, పళ్ళెమంత మేర, ఏమీ లేదు. రాయి బోడిగా, పాలిపోయి ఉంది. ఏదో అక్కడ చాలాకాలం కూర్చుని, ఈమధ్యే లేచి వెళ్ళినట్టు. ఆమె వంగి గేటర్ సరిచేసుకుంటున్నట్టు చుట్టూ చూసింది. పొదలో ఒక రాయి వెల్లకిలా పడి ఉంది. రాతిపువ్వు పట్టిన వీపు నేలకీ, పాలిపోయిన పొట్ట ఆకాశానికీ ఉంది. దానికి కాస్త అవతల ఇంకోటి. గాలి తిరగెయ్యగల రాళ్ళు కావవి. విసిరిన రాళ్ళు.

తర్వాత అలాంటి బోడిమచ్చ ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత ఇంకోటి.

ఆమె డెస్ వీపు చూసింది. ఆ వీపు ఒక్కసారీ ఇటు తిరగలేదు. వెనక్కి తిరిగి ఇంగ్రిడ్‌ని చూసింది. ఇంగ్రిడ్ ఆ మచ్చనే చూస్తోంది. కళ్ళెత్తి నెరిడాతో చూపు కలిపి, తల అడ్డంగా కొంచెం, చాలా కొంచెం ఊపింది.

నెరిడా మళ్ళీ ముందుకి తిరిగి నడిచింది.

ఎండ వాలుతుండగా నేల కిందికి జారింది. రెండు గట్ల మధ్య, పైనుంచి చూస్తే ఎవరికీ కనబడని లోతు. డెస్ పక్కకి తప్పుకుని ఆమెని ముందు వెళ్ళనిచ్చాడు.

లోపలికి వెళ్ళగానే గాలి ఆగిపోయింది.

పచ్చదనం అని నెరిడా ఇంతకాలం అంటున్నది దీన్ని కాదు. కాళ్ళకింద నాచు పరుపులా పరుచుకుని, వేళ్ళ మీదికీ బండల మీదికీ ఎక్కి, నల్లటి నీటి అంచు దాకా జారింది. దానిలోంచి చెట్లు లేచాయి. మానులు మెలితిరిగి ఉన్నాయి, తడిబట్ట పిండి అలాగే ఎండబెట్టినట్టు. బెరడు రాగిరంగు చీలికలుగా వేలాడుతోంది. పైన ఆకులు ఆకుల్లా లేవు, ఎవరో ఓపిగ్గా జడలు అల్లినట్టున్నాయి. ఏటవాలు ఎండ ఆ జడల మధ్యలోంచి దిగి, ఒక్కో మానునీ విడివిడిగా పట్టుకుని చూపిస్తోంది. ఒక చెట్టు ఎప్పుడో ఒరిగి నీళ్ళలోకి పడిపోయి, పడినచోటునుంచే మళ్ళీ పైకి తిరిగి పెరిగింది. ఆ తిరిగిన కొమ్మే ఇప్పుడు ఆమె రెండు చేతులకీ అందనంత లావుంది.

"దీని వయసెంత?" అని అడిగింది. గొంతు తనకి తెలీకుండానే తగ్గిపోయింది.

"వెయ్యేళ్ళు దాటి ఉంటుంది," అన్నాడు డెస్. "పక్కది ఇంకా పెద్దది."

ఆమెకి వయసుల లెక్క తట్టలేదు. తను పుట్టకముందు, తన ఊరు పుట్టకముందు, ఈ దీవికి ఓడలు రాకముందు ఇది ఇలాగే ఈ నీళ్ళ పక్కన నిలబడి, ఏడాదికి గోరంత పెరుగుతూ ఉందన్నది మాత్రం ఛాతీలో ఎక్కడో తగిలింది. ఎవరూ చూడకపోయినా పెరిగింది. చూడమని అడగలేదు. బరువు దించుకోవడం కూడా మర్చిపోయి, వీపు మీద సంచీతో అలాగే నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళెందుకు తిరిగాయో తెలీలేదు. ఏడుపు కాదది.

ఆ నిమిషంలో ఆమెకి డెస్ మొత్తం అర్థమయ్యాడు. తనైనా ఆ రాళ్ళు విసిరేసి ఉండేదేమో. అది అనిపించగానే భయం వేసింది. ఎందుకంటే వెంటనే గుర్తొచ్చింది, ఆస్పత్రిలో చూసిన విన్సమ్ పెదాల నీలం రంగు.

"డెస్," అంది. "గుర్తురాళ్ళు నువ్వే తీసేశావు."

అతను నీళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని దోసిలి పట్టాడు. ఆ దోసిలి అలాగే ఉండిపోయింది, నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయేదాకా.

"తీసేశాను," అన్నాడు. "ఫిబ్రవరిలో. దారి దొరక్కపోతే వెనక్కి పోతారనుకున్నాను. పొగమంచు సంగతి..." ఆగాడు. "ఇన్నేళ్ళు పిల్లలకి వాతావరణం చెప్పాను. పొగమంచు సంగతి నేను ఆలోచించలేదు."

"మొన్న క్లైవ్ ఆ పిల్లని అన్ని మాటలంటుంటే విన్నావు."

"విన్నాను."

"కప్పులోకి చూస్తూ కూర్చున్నావు."

వెనకాల ఇంగ్రిడ్ సంచీ దించి నాచు మీద కాకుండా బండ మీద పెట్టింది. మొదటిసారిగా నెరిడా మొహం చూడకుండా, సూటిగా డెస్‌తో మాట్లాడింది.

"నాకు ఆ రోజే తెలుసు డెస్. మొదటి బోడిమచ్చ చూడగానే తెలిసింది. ఇంకెవరు చేస్తారు?"

డెస్ మెల్లగా లేచాడు. "మరి ఎందుకు చెప్పలేదు?"

"మీరు నన్నిక్కడికి తీసుకొచ్చిన రోజు, ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యమనలేదు. అడగకుండానే నమ్మారు. నేను తీసుకెళ్ళి నోటీసుబోర్డుకి అంటించాను." ఆ అమ్మాయి సంచీ పట్టీ బిగించింది. "పైగా చెబితే ఏమవుతుంది? రాళ్ళెవరు తీశారు, ఎందుకు తీశారు, ఏ చెట్లు, ఎక్కడ. పేపర్లో వస్తుంది. ఒక్క నా పేరు పోతే ఇంకెవరూ ఇటు రారు కదా అనుకున్నాను."

డెస్ ఆమె వైపు తిరిగాడు. ఏడాదిగా తను పోట్లాడుతున్న మనిషి, తనకి తెలీకుండా తన పక్షాన నిలబడి దెబ్బలు తింటోంది. అతని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు జేబులకోసం వెతికాయి.

నెరిడా ఇద్దరినీ చూసింది. చూడ్డానికి ఎంత బాగుందో, ఆమెకి అంత కోపమొచ్చింది.

"బాగుంది," అంది. "చెట్లకోసం ఒకరు పాపం మోశారు, ఇంకొకరు నింద మోశారు. మీ ఇద్దరి మనసులూ గొప్పవే, కాదన్ను. వణికింది మాత్రం విన్సమ్. ఆమెని ఇద్దరిలో ఒక్కరైనా అడిగారా? గురువారం నువ్వు నోరు విప్పు డెస్. నువ్వు విప్పకపోతే నేను విప్పుతాను. అప్పుడిది నువ్వు చెప్పినంత బాగా ఉండదు."

గట్టు అవతలికి వెళ్ళి డేరాలు వేసుకున్నారు. ఇంగ్రిడ్ గ్యాసు పొయ్యి మీద సూపు వేడిచేసి ముగ్గురికీ పోసింది. డెస్ తన కప్పు అందుకుంటూ "థాంక్యూ పిల్లా" అన్నాడు. ఆమెని అలా పిలిచి చాలా నెలలయింది.

తెల్లారాక రాయి మీద రాయి పెట్టిన చప్పుడుకి నెరిడా లేచింది. డెస్ గట్టు పైన వంగి ఉన్నాడు. విసిరేసిన రాళ్ళు తెచ్చి, బోడిమచ్చ మీద పేరుస్తున్నాడు. పెద్దది అడుగున పెట్టి, కదిపి చూసి, కుదరకపోతే తిప్పి మళ్ళీ పెడుతున్నాడు. చలికి వేళ్ళ కొసలు ఎర్రబడ్డాయి.

ఇంగ్రిడ్ జాకెట్టు జిప్పు పెట్టుకుంటూ వెళ్ళి కాసేపు చూసింది.

"అక్కడ కాదు," అంది.

"ఇంతకుముందు ఇక్కడే ఉండేది."

"తెలుసు. ఇటు రండి." ఆమె నాలుగడుగులు వేసి, మనిషెత్తు బండరాయి చాటున, చెట్ల వైపు ఉన్న ముఖాన చెయ్యి పెట్టింది. "ఇక్కడ పెడితే సరస్సు వైపునుంచి వచ్చేవాళ్ళకి బండ అడ్డం. కనబడదు. లోపల్నుంచి బయటికొచ్చేవాళ్ళకి మాత్రం ఎదురుగా ఉంటుంది."

డెస్ ఇటొచ్చి చూశాడు, అటెళ్ళి చూశాడు. మళ్ళీ ఇటొచ్చాడు. అరచెయ్యి గడ్డం మీద రాసుకున్నాడు.

"లోపలికి దారి చూపించదు," అన్నాడు నెమ్మదిగా.

"చిక్కుకున్నవాళ్ళని ఇంటికి పంపిస్తుంది."

ఆ పూటంతా అదే పని. నెరిడా రాళ్ళు ఏరి అందిస్తే ఇద్దరూ పేర్చారు. ఒక్కో కుప్ప దగ్గరనుంచి ఇంకోటి కనబడుతోందా లేదా అని ఇంగ్రిడ్ నేల మీద చతికిలబడి చూసేది. పొగమంచులో మనిషి నిటారుగా నడవడనీ, వంగి నడుస్తాడనీ ఇప్పుడామెకి తెలుసు. డెస్ రాతిపువ్వు పట్టిన ముఖాలు పైకి వచ్చేట్టు పెట్టుకుంటూ వచ్చాడు. మధ్యలో ఎలుగుపిల్లలాంటి వొంబాట్ ఒకటి పొదలోంచి బయటికొచ్చి, ముగ్గురినీ పట్టించుకోకుండా, కొత్త కుప్పని వాసన చూసి తన దారిన పోయింది. ఇంగ్రిడ్ నవ్వింది. డెస్ నవ్వాడు. తర్వాత ఇద్దరూ నవ్వు ఆపుకుని రాళ్ళు చూసుకున్నారు.

చచ్చిన తెల్ల చెట్ల దగ్గరికి వచ్చి నెరిడా వెనక్కి తిరిగి చూసింది. రాళ్ళూ నీళ్ళూ తప్ప ఏమీ లేదు. అక్కడెక్కడో వెయ్యేళ్ళ చెట్లు ఉన్నాయంటే, చూసొచ్చిన తనే నమ్మలేకపోయింది.

గురువారం విన్సమ్ వచ్చింది. మెడకి మఫ్లరు, చేతిలో అల్లం బిస్కెట్ల డబ్బా. చర్చిలో ఆర్గాన్ వాయించే ఆమె వేళ్ళు ఇంకా కాస్త వాచి ఉన్నాయి. అందరూ కూర్చోక ముందే డెస్ లేచి నిలబడ్డాడు. క్లాసులో పాఠం చెప్పేవాడిలా కుర్చీ వీపు పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఎక్కడా చెట్లని అడ్డం పెట్టుకోలేదు. నేను తీశాను, అందువల్ల వీళ్ళు దారి తప్పారు, ఇంగ్రిడ్‌కి తెలిసీ నన్ను కాపాడింది, అన్నాడు. నడిపించేవాళ్ళలోంచి పేరు తీసేయాల్సింది నాది, అన్నాడు.

క్లైవ్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "అంటే... నేను మొన్న ఈ అమ్మాయిని..." ఇంగ్రిడ్ వైపు చూసేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వెందుకు చెప్పలేదమ్మా?"

"మీకు నా మీద కోపం లేదన్నారుగా," అంది ఇంగ్రిడ్.

నెరిడా బల్ల చుట్టూ చూసింది. అద్దంలో కాదు, ఎదురుగా. "డెస్ పేరు తీసెయ్యాలనేవాళ్ళు చెయ్యెత్తండి," అంది.

అందరికన్నా ముందు డెస్ చెయ్యే లేచింది. తర్వాత క్లైవ్. తన చెయ్యి పైకెత్తడం నెరిడాకి సంచీ మోసినంత బరువయింది, అయినా ఎత్తింది. ఇంగ్రిడ్ చెయ్యి బల్ల మీదే ఉంది. విన్సమ్ బిస్కెట్ల డబ్బా మూత తీస్తోంది.

"విన్?" అంది నెరిడా.

"ఉండు. ముందు నన్నొకటి అడగనీ." ఆమె డెస్‌నే చూస్తోంది. "నేను నిన్ను క్షమించానో లేదో నాకింకా తెలీదు డెస్. ఆ రాత్రి నా కాళ్ళున్నాయో లేవో కూడా తెలీలేదు నాకు. అంత పడి కూడా, ఆ చెట్లు చూడనేలేదు. ఎలా ఉంటాయి?"

భూగోళం పంతులు చెప్పబోయాడు. ఏళ్ళ తరబడి ఎవరికీ చెప్పకుండా దాచుకున్నదానికి మాటలు తయారుగా లేవు. చేతులు గాల్లో లేచాయి, ఏదో మెలితిప్పినట్టు తిరిగాయి, ఆగిపోయాయి. కళ్ళు తుడుచుకున్నాడు.

"చెప్పలేను విన్," అన్నాడు.

విన్సమ్ అతని చేతుల్ని చాలాసేపు చూసింది. కెటిల్లో నీళ్ళు మరిగి దానంతటది ఆగిపోయింది.

"అయితే మంచు పడకముందే వెళ్దాం," అంది చివరికి, తన చెయ్యి కూడా పైకెత్తుతూ. "ఇంగ్రిడ్ ముందు నడుస్తుంది. నేను మధ్యలో. నువ్వు నా సంచీ మోసుకుంటూ వెనకాల రా."

"సరే," అన్నాడు డెస్.